కొయ్యకాలు అంటే చెక్క కాలు కాదు

ఈ నెల ఉత్తరాల కట్ట విప్పితే నాలుగు ఒకే వచనం చుట్టూ తిరుగుతున్నాయి. ఒకరు రాసింది ఇంకొకరికి తెలియదు, ఊళ్లు కూడా వేరు. పోయిన నెలలో చాలా క్రైస్తవ సంఘాల్లో పాత నిబంధన చివర ఉన్న మలాకీ ప్రవక్త గ్రంథం మీద ప్రసంగాలు జరిగినట్టున్నాయి, లేదా ఒకాయన చెప్పిన ప్రసంగమే అందరి ఫోన్లలోకీ చేరి ఉండాలి. ఏదైతేనేం, ముందు ఆ వచనం చూసి తరవాత ప్రశ్నల్లోకి వెళ్దాం. మలాకీ 4:1లో ఒక దినం వస్తోందని, "కొలిమి కాలునట్లు అది కాలును" అని, "గర్విష్ఠులందరును దుర్మార్గులందరును కొయ్యకాలువలె ఉందురు" అని, వారిలో ఒకరికైనా వేరూ చిగురూ మిగలదని ఉంది.

ప్రశ్న: వందనాలండి. మా బాబుకి పదకొండేళ్లు. బళ్లో ఒడియా చదువుతాడు, తెలుగు అక్షరాలు సండే స్కూల్లోనే నేర్చుకున్నాడు. ఈ వచనం కంఠతా పట్టించి బొమ్మ గీయమంటే, ఒక కాలు చెక్కతో ఉన్న మనిషి మంటల్లో నిలబడినట్టు గీశాడు. అందరూ నవ్వారు, వాడు ఏడ్చాడు. నిజం చెప్పాలంటే కొయ్యకాలు అంటే ఏమిటో నాకూ సరిగ్గా తెలియదు. — ఒక తల్లి, పర్లాకిమిడి

అమ్మా, ముందు ఆ బాబుని ఏడవొద్దని చెప్పండి. కొయ్య అంటే చెక్క, కాలు అంటే కాలు, వాడు చదివింది చదివినట్టే గీశాడు. తప్పు వాడిది కాదు, ఆ మాటని పొలం నుంచి తెచ్చి పుస్తకంలో పెట్టి, పొలం ఎలా ఉంటుందో వాడికి చూపించకుండా వదిలేసిన మనది. నవ్విన పెద్దవాళ్లలో సగం మందికి కూడా జవాబు తెలిసి ఉండదని నా అనుమానం.

వరి కోసి పనలు కళ్లానికి మోసేశాక చేలో బెత్తెడు ఎత్తున మొదళ్లు మిగులుతాయి చూడండి, ఉత్త కాళ్లతో నడిస్తే గుచ్చుకుంటాయి, అవే కొయ్యకాళ్లు. మన వైపు కొందరు వరి దుబ్బులు అంటారు. ఒడియాలో నడా అని చెప్పండి, బాబుకి చటుక్కున అర్థమవుతుంది, నడా కాల్చొద్దని వాడు వార్తల్లో కూడా వినే ఉంటాడు. ఈ మాట మన బైబిల్లో చాలాచోట్ల ఉంది. నిర్గమకాండం 5లో ఫరో గడ్డి ఇవ్వడం మానేస్తే ఇశ్రాయేలీయులు ఇటుకల కోసం దేశమంతా తిరిగి ఏరుకున్నది కొయ్యకాలే. యెషయా 5:24లో మంట కాల్చేసేది అదే. మొదటి కొరింథీ 3లో పునాది మీద కొందరు బంగారంతోనూ వెండితోనూ కడతారు, కొందరు కర్రతో, గడ్డితో, కొయ్యకాలుతో కడతారు అన్న చోట కూడా అదే మాట.

మలాకీ రాసిన హెబ్రీలో దీనికి మాట "కష్". ఎండిన కాడ, బరువు లేనిది, తినడానికి పనికిరానిది. కొలిమి అని మనకి ఉన్న చోట హెబ్రీలో "తన్నూర్" అని ఉంది. మనం తందూరీ అంటున్నామే, దాని చుట్టమే ఈ మాట. అంటే కమ్మరి కొలిమి కంటే రొట్టెలు కాల్చే మట్టి పొయ్యి దానికి దగ్గర. ఆ దేశంలో కట్టెలకి కరువు, అందుకని ఎండుగడ్డీ కొయ్యకాళ్లూ పొయ్యిలో వేసేవారు. యేసు ప్రభువు "నేడుండి రేపు పొయిలో వేయబడు అడవి గడ్డి" అన్నది కూడా ఇలాంటి వంటింటి పొయ్యి చూసే. కాబట్టి ఆ జనానికి ఈ పోలిక రోజూ కళ్లముందు కనబడేదే. గుప్పెడు కొయ్యకాళ్లు పొయ్యిలో వేస్తే భుగ్గున మండి, అన్నం కుండ కాగేలోపు ఇంకో గుప్పెడు వెయ్యాల్సి వస్తుంది, అంత అల్పమైనది. ఎంత మిడిసిపడేవాడైనా ఆ రోజున అంతే బరువు తూగుతాడన్నది ప్రవక్త మాట.

చిగురు సంగతి కూడా ఒకటుంది. కోత అయ్యాక చేలో తడి ఉంటే వరి దుబ్బులు మళ్లీ పచ్చగా పిలకలు వేస్తాయి, పశువులు వాటి కోసమే కోసిన చేలోకి పరుగెడతాయి. అందుకని వేరైనా చిగురైనా లేకుండా అన్న మాట వరి పండించేవాడికి తగిలినట్టు పట్నంలో బియ్యం కొనుక్కునేవాడికి తగలదు. చెడ్డవాళ్లు ఒకసారి కోసుకుపోయినా మళ్లీ పిలక వేస్తుంటారు కదా, ఆ పిలక కూడా ఉండదని.

గిడుగు రామమూర్తి పంతులు గారు మన పర్లాకిమిడిలోనే పాఠాలు చెబుతూ, కొండల్లోని సవరల భాష నేర్చుకుని, పుస్తకాల తెలుగు కాదు మనుషుల తెలుగు కావాలని పోట్లాడారు. ఆయన ఊళ్లోనే ఒక పిల్లవాడు తెలుగు మాటకి చెక్క కాలు గీశాడంటే నాకు నవ్వూ వచ్చింది, చిన్న దిగులూ వచ్చింది. కోతలయ్యాక ఒక ఆదివారం మహేంద్రతనయ ఏటి పక్కన ఏదో ఒక చేలోకి పిల్లలందర్నీ తీసుకెళ్లి చెప్పులు విప్పి నడవమనండి. ఆ బొమ్మ మాత్రం పారేయకండి.

ప్రశ్న: ఈ వచనంలో దుష్టులు పూర్తిగా కాలి బూడిదైపోతారని ఉంది కాబట్టి నిత్య నరకం లేదని ఒక మిత్రుడు వాదిస్తున్నాడు. మీరేమంటారు? — బరంపురం

ఈ వాదన కొత్తది కాదు. 4:3లో దుర్మార్గులు మీ పాదాల కింద ధూళిలా ఉంటారని ఉంది, హెబ్రీలో ఆ మాటకి బూడిద అనే అర్థం, దాన్ని పట్టుకుని క్రైస్తవుల్లోనే కొన్ని సంఘాలు మీ మిత్రుడు చెప్పినట్టు బోధిస్తాయి. అటువైపు వాళ్లు మత్తయి 25:46 తీస్తారు, నిత్యశిక్ష అని అక్కడ స్పష్టంగా ఉంది. ఈ రెండింటి మధ్య పేచీ తీర్చడానికి మలాకీ కూర్చోలేదు. పొయ్యిలో కొయ్యకాలు ఎంతసేపు మండుతుందో గడియారం పెట్టి చూడమని కాదు ఆయన అన్నది. ఒక పోలికలోంచి ఒక సిద్ధాంతం మొత్తం పిండాలని చూస్తే రసం రాదు, పిప్పి వస్తుంది. మీరిద్దరూ మూడో అధ్యాయం 5వ వచనం చదివి అప్పుడు వాదించుకోండి. అక్కడ ఏముందో కింద గుణుపురం సహోదరికి రాసిన జవాబులో చెప్పాను.

ప్రశ్న: తిత్లీ తుఫాను ఏడాది మా కొబ్బరి చెట్లూ జీడి చెట్లూ పోయాయి, ఇంటి పైకప్పు ఎగిరిపోయింది. అది దుర్మార్గుల మీద దేవుని తీర్పు అని మా సంఘంలో అప్పుడు చెప్పారు, ఇప్పుడు మళ్లీ ఇదే వచనం చదివి అదే ఉదాహరణ చెప్పారు. నేను కూర్చుని విన్నాను, ఏమీ అనలేకపోయాను. మేము దుర్మార్గులమా అండీ? — కాశీనగరం

కారండి. అంటే, మీరు పుణ్యాత్ములని నేను సర్టిఫికెట్ ఇవ్వడం లేదు, మీ ఇంటి పైకప్పు ఎగిరిపోవడం దానికి సాక్ష్యం కాదంటున్నాను.

తిత్లీ 2018 అక్టోబర్ 11న పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరీ జీడీ నేలమట్టం చేసి, అక్కడితో ఆగకుండా మన గజపతి కొండల మీద కుండపోత కురిసింది. బరఘర గ్రామంలో వానకి తలదాచుకున్నవాళ్ల మీదే కొండచరియ విరిగిపడింది. వాళ్లు ఏ పాపం చేశారని ఆ ప్రసంగం చెప్పినాయన చెప్పగలరు? గాలి పలాసలో ఒడ్డుకు వచ్చింది కాబట్టి పలాస వాళ్లు ఎక్కువ దుర్మార్గులూ, గాలి తగలని ఊళ్ల వాళ్లు తక్కువ దుర్మార్గులూ అనుకోవాలా? తుఫాను దారిని గీత గీసి మనుషుల్ని తూచడం మొదలెడితే ఎక్కడ తేలతామో చూడండి.

ఈ ప్రశ్న యేసు ప్రభువు ముందుకే వచ్చింది, లూకా 13లో ఉంది. పిలాతు చంపించిన గలిలయుల సంగతి ఎవరో వచ్చి చెప్పారు. ఆయన దానికి జవాబిస్తూ తనంతట తానే ఇంకో సంఘటన ఎత్తారు, సిలోయములో గోపురం కూలి పద్దెనిమిది మంది చనిపోయారే, వాళ్లు యెరూషలేములో ఉన్న మిగతా అందరికంటే అపరాధులనుకుంటున్నారా అని అడిగి, కాదని మీతో చెప్పుచున్నాను అన్నారు. అంత సూటిగా చెప్పిన తరవాత కూడా ప్రతి తుఫానుకీ మనవాళ్లు ఈ ప్రసంగం ఎందుకు తీస్తారో నాకు అర్థం కాదు. ఆయన అక్కడితో ఆపలేదు లెండి, మీరు మారుమనస్సు పొందకపోతే మీరూ అలాగే నశిస్తారన్నారు. అంటే ఆ గోపురాన్ని చూపించి చచ్చినవాళ్ల వైపు కాదు, నిలబడి చూస్తున్నవాళ్ల వైపు వేలు తిప్పారు. మీ సంఘంలో ఆ రోజు వేలు ఎటు చూపించిందో మీకే తెలుసు.

మలాకీ చెప్పింది ఒక దినం. అది ఇంకా రాలేదు, "వచ్చుచున్నది" అని ఉంది. వాతావరణ శాఖ హెచ్చరిక ఇచ్చిన ప్రతి రోజూ ఆ దినం కాదు. మీ అయ్యగారితో, అంటే పాస్టరుగారితో, ఈ మాట నెమ్మదిగా, ఇద్దరే ఉన్నప్పుడు చెప్పండి, లూకా 13 తెరిచి పట్టుకుని వెళ్లండి. చాలామంది అయ్యగార్లు చెడ్డవాళ్లు కారు, ఆదివారం దగ్గర పడితే ఉదాహరణ కోసం తడుముకుంటారు, అంతే. నేనూ బళ్లో పాఠం చెప్పినప్పుడు అలాగే తడుముకునేవాణ్ణి.

ప్రశ్న: అన్నయ్యగారికి వందనాలు. మా ఆయన మేస్త్రితో పాటు ఎనిమిది నెలలు ఇటుక బట్టీలో పని చేశారు. ముప్పై ఎనిమిది వేలు రావాలి. ఇదిగో అదిగో అని రెండేళ్లు తిప్పాడు, ఆఖరికి ఏ డబ్బు అన్నాడు. పోయిన నెల ఆ మేస్త్రి గడ్డివాము అంటుకుని పశువులసాల కాలిపోయింది, ఒక ఆవూ దూడా చనిపోయాయి. ఆ ఆదివారమే అయ్యగారు మలాకీ 4:1 చదివారు. అందరూ నా వైపు చూశారు. నాకు లోపల సంతోషం కలిగింది, అబద్ధం చెప్పను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మేస్త్రి భార్య మా సంఘంలోనే ఉంది, నాతో బాగానే ఉంటుంది. నేను సంతోషించడం పాపమా? వాళ్లింటికి పరామర్శకి వెళ్లాలా? — ఒక సహోదరి, గుణుపురం దగ్గర

చెల్లెమ్మా, నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. జవాబు ఒక్క ముక్కలో రాదు, కాస్త ఓపిక పట్టు.

ముందు మలాకీ ఈ మాట ఎవరికి చెప్పాడో చూడు. బబులోను నుంచి తిరిగి వచ్చి దేవాలయం మళ్లీ కట్టుకున్న జనం, పారసీకుల ఏలుబడిలో, పెద్దగా ఏమీ కలిసిరాక విసిగిపోయి ఉన్నారు. మూడో అధ్యాయం చివర వాళ్ల గొణుగుడు ఉంది, దేవుణ్ణి సేవించి ఏం లాభం, గర్విష్ఠులే బాగున్నారు, దుర్మార్గులే వర్ధిల్లుతున్నారు అని. సరిగ్గా నువ్వు ఆ రెండేళ్లూ అనుకున్న మాట. నాలుగో అధ్యాయం మొదటి వచనం ఆ గొణుగుడికి జవాబు. హెబ్రీ బైబిల్లో అయితే అక్కడ అధ్యాయం విరగదు, మూడో అధ్యాయమే అలా సాగుతుంది, మన బైబిళ్లలో మధ్యలో నాలుగు అని పెట్టడంతో ప్రశ్న ఒక చోటా జవాబు ఒక చోటా పడ్డాయి. కాబట్టి ఈ వచనం నీలాంటి వాళ్లని బెదిరించడానికి రాసింది కాదు, నీ మొర వినబడిందని చెప్పడానికి రాసింది.

ఇక దుర్మార్గులు ఎవరు అన్నది. మనవాళ్లు ఈ మాట వినగానే సారా తాగేవాళ్లూ, గుడికి పోయేవాళ్లూ, పక్క సంఘం వాళ్లూ అనేసుకుంటారు. మలాకీ 3:5లో జాబితా ఉంది. మంత్రగాళ్లు, వ్యభిచారులు, అబద్ధ ప్రమాణం చేసేవాళ్లు, ఆ తరవాత కూలివాళ్ల కూలి విషయంలో వాళ్లని బాధపెట్టేవాళ్లు, విధవరాళ్లనీ తండ్రిలేని పిల్లల్నీ బాధపెట్టేవాళ్లు, పరదేశులకి అన్యాయం చేసేవాళ్లు. వ్యభిచారం మీద ఏడాదికి పది ప్రసంగాలు విన్నాను, కూలి ఎగ్గొట్టడం మీద నా జీవితంలో రెండు విన్నానేమో. యాకోబు ఐదో అధ్యాయంలో మోసంతో బిగపట్టిన కూలి మొర పెడుతోందని ఉంది, మనిషి కాదు, ఆ కూలి డబ్బే కేక వేస్తోందట. ద్వితీయోపదేశకాండం 24లో ఏనాటి కూలి ఆనాడే సూర్యుడు అస్తమించకముందే ఇచ్చెయ్యమని ఉంది. మీ ముప్పై ఎనిమిది వేల మీద రెండేళ్లలో ఎన్ని సూర్యాస్తమయాలు గడిచాయో లెక్క వేసుకో. కాబట్టి మేస్త్రి చేసింది పాపం కాదని, సర్దుకుపొమ్మని నేను చెప్పను. దేవుడు కోపగించే పనే అది.

కానీ ఆ గడ్డివాము అంటుకోవడం ఆ తీర్పేనా? నాకు అలా అనిపించడం లేదు. ఎండాకాలం గడ్డివాములు అంటుకుంటాయి, బీడీ ముక్కకి అంటుకుంటాయి, కరెంటు తీగ నిప్పురవ్వకి అంటుకుంటాయి, కూలి సరిగ్గా ఇచ్చినవాడివీ అంటుకుంటాయి. ఆ ఆవు ఎవరి కూలీ ఎగ్గొట్టలేదు కదా. యోనా గ్రంథం ఆఖరి వచనం గుర్తుందా, నీనెవె ఏమవుతుందో చూద్దామని యోనా ఊరి బయట పందిరి వేసుకుని కూర్చుంటే, లక్షా ఇరవై వేలకి పైగా జనం ఉన్న ఊరు, "బహు పశువులును" ఉన్న ఊరు, నేను జాలిపడకూడదా అని దేవుడు అడుగుతాడు. పశువుల్ని కూడా లెక్కపెట్టుకున్న దేవుడు కొట్టదలచుకుంటే ముందు దూడనే కొడతాడని నేను నమ్మలేను.

సంతోషం సంగతికి వస్తాను. రెండేళ్లు తిప్పించుకున్న మనిషికి అవతలివాడి వాము కాలితే లోపల ఏదో చల్లబడటం నేను ఎరుగుదును, నాకూ జరిగింది, ఎవరి విషయంలోనో ఇక్కడ రాయను. అది వచ్చినందుకు నిన్ను నువ్వు చంపుకోకు. కానీ దాన్ని కూర్చోబెట్టి మేపకు. సామెతలు 24:17లో శత్రువు పడినప్పుడు సంతోషించొద్దని ఉంది, అది అందరూ చెప్పేదే, దాని కింది వచనం ఎవరూ చదవరు. నువ్వు సంతోషించడం చూసి దేవునికి అది నచ్చక, అతని మీద నుంచి తన కోపం తిప్పేసుకుంటాడేమో అని ఉంది! అంటే నీ కేసు నువ్వే చెడగొట్టుకుంటావని. చదివినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది, మన ఊరి పెద్దమనిషి పంచాయితీలో చెప్పే మాటలా ఉంటుంది. యెహెజ్కేలు 33:11 ఇంకా సూటిగా ఉంది, దుర్మార్గుడు చస్తే నాకు సంతోషం లేదు, వాడు తన తోవ విడిచి బతకాలి అని ఆయనే ఒట్టు పెట్టుకుని చెబుతున్నాడు. ఆయనకి లేని సంతోషం మనకెక్కడి నుంచి వచ్చిందో చూసుకోవాలి.

ఇంకొకటి, అందరూ నీ వైపు చూశారన్నావే, అది నాకు అసలు నచ్చలేదు. మలాకీలో నిప్పు మొట్టమొదట పడేది మేస్త్రి మీద కాదు. 3:3లో వెండి శుద్ధి చేసేవాడిలా ఆయన కూర్చుని లేవీ కుమారుల్ని, అంటే గుడిలో సేవ చేసేవాళ్లని, పుటం వేస్తాడు. మొదటి అధ్యాయంలోనే వాళ్లని కడిగేశాడు, గుడ్డిదీ కుంటిదీ రోగంతో ఉన్నదీ తెచ్చి బలి ఇస్తున్నారు, అదే మీ అధికారికి ఇచ్చి చూడండి తీసుకుంటాడా అని. (పర్లాకిమిడి బాబుకి చెప్పాలి, మలాకీలో కుంటి కాలు ఉంది, కానీ అది పశువుది.) ఇప్పుడు మీ సంఘంలో అడగాల్సిన ప్రశ్న అది. ఆ మేస్త్రి రెండేళ్లూ కానుక వేశాడా? ఆ కానుకలో మీ ఆయన కూలి ఎంత ఉంది? అయ్యగారికి ఈ సంగతి తెలుసా? తెలిసి పిలిచి మాట్లాడారా, లేక గడ్డివాము కాలేదాకా ఆగి ప్రసంగం చేశారా? అగ్గి మీద చెప్పడం తేలిక, అప్పు మీద అడగడం కష్టం.

గోధుమ చేలో శత్రువు కలుపు చల్లిపోయిన గురుగుల ఉపమానం చెప్పి ముగించేద్దామనుకున్నాను, కానీ అందులోనూ ఒక చిక్కుంది. మన గురుగు వేరేలా ఉంటుంది, చేలో ఇట్టే కనబడుతుంది, పీకెయ్యొచ్చు. ప్రభువు చెప్పిన మొక్క గోధుమలాగే ఉంటుంది, మన చేలో ఊద గడ్డి వెన్ను వేసేదాకా వరిలాగే ఉంటుంది చూడు, అలాంటిది. అందుకే కోత దాకా రెండింటినీ కలిసి ఎదగనివ్వమన్నారు, పీకేవాళ్ల చేతికి పొరపాటు వస్తుందని. అంటే తీర్పు ఆయన చేతిలో వదలమన్నారు గానీ, కూలి అడగొద్దనలేదు. ఈ రెండూ కలిపేసి పేదవాళ్ల నోరు మూయించడం మన దగ్గర బాగా అలవాటు.

కాబట్టి అడుగు. మీ ఆయన ఏ బట్టీలో ఎన్ని నెలలు చేశాడో, ఎంత అడ్వాన్సు తీసుకున్నాడో, తోటి కూలీలు ఎవరెవరు చూశారో ఒక కాగితం మీద రాయించు. అయ్యగారినీ ఇద్దరు పెద్దల్నీ కూర్చోబెట్టి మేస్త్రిని పిలిపించు. అక్కడ తేలకపోతే ఆ కాగితం పట్టుకుని జిల్లా లేబర్ ఆఫీసులో ఫిర్యాదు ఇవ్వు. క్రైస్తవులు కోర్టుకెక్కకూడదని ఎవరైనా అంటే, ముందు క్రైస్తవులు కూలి ఎగ్గొట్టకూడదని చెప్పి అప్పుడు నాతో మాట్లాడమను.

పరామర్శకి మాత్రం ఈ వారమే వెళ్లు. ఆ అమ్మాయి ఆవు పోయింది, పాలు పోయాయి, ఆమె నీకేం చేయలేదు. ఏం మాట్లాడాలో తోచకపోతే ఆవు పేరు అడుగు, ఇంట్లో ఆవుకి ఏదో పేరు ఉండే ఉంటుంది. వెళ్లిన రోజు కూలి మాట ఎత్తకు. మరుసటి వారం ఎత్తు.